సైడ్‌కారు బండి ఎడమకి లాగుతుంటే: బరువు ఎక్కించాకే కొలవండి

ప్రశ్న: నమస్తే అండీ. మాది కాకినాడ. మా నాన్నగారి 1984 మోడల్ బుల్లెట్ స్టాండర్డ్ 350 ఇప్పుడు నా దగ్గర ఉంది. మా ఆవిడ, ఏడేళ్ల పాపతో కలిసి బీచ్ రోడ్డులో తిరుగుదామని సెకండ్‌హ్యాండ్‌లో ఒక సైడ్‌కారు (బైకు పక్కన తగిలించే ఒంటి చక్రం తొట్టి) కొని, ఇక్కడి వెల్డింగ్ షాపులో బిగించుకున్నాను. షాపులో చూస్తే బండి నిట్టనిలువుగా ఉంది. ముగ్గురం ఎక్కి రోడ్డు మీదకొస్తే మాత్రం ఎడమకి లాగేస్తోంది, పది నిమిషాలకే చేతులు నొప్పి. 30 స్పీడు దగ్గర హ్యాండిల్ గిలగిలా ఊగుతోంది. ముందు టైరు ఎడమ అంచు అప్పుడే అరిగింది. షాపాయనేమో ‘రాడ్లు ఫ్రేముకే వెల్డింగ్ కొట్టేస్తే ఇంక కదలదు సార్’ అంటున్నాడు. ఇంకో అనుమానం: వీడియోల్లో కుడి మలుపు ప్రమాదం అని చెప్తున్నారు, మా మెకానిక్ ఎడమ మలుపే ప్రమాదం అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఇదంతా నేనే సరిచేసుకోగలనా?

జవాబు: వెల్డింగ్ మాత్రం కొట్టించకండి. మిగతావన్నీ తర్వాత.

మీ పాత బుల్లెట్ ఫ్రేముకి ఇంజన్ కింద గొట్టాలు ఉండవు. హ్యాండిల్ దగ్గర నుంచి దిగే ఒకే ఒక గొట్టం ఇంజన్ ముందు భాగానికి బోల్టుతో బిగుస్తుంది. అక్కడి నుంచి వెనక దాకా ఇంజనే ఫ్రేములో భాగమై బరువు మోస్తుంది. సోలో బండికి, అంటే సైడ్‌కారు లేని బైకుకి, అది సరిపోయింది. సైడ్‌కారు తగిలించాక ఆ గొట్టం మీద పక్కనుంచి లాగుడు పడుతుంది, అది తయారైనప్పుడు ఎవరూ లెక్కేయని లాగుడు. పల్చటి గొట్టానికి రాడ్డు పెట్టి వెల్డింగ్ కొడితే వేడి తగిలిన చోటు పెళుసుబారుతుంది, కొన్నాళ్లకు సరిగ్గా వెల్డింగ్ అంచు వెంటే పగులుతుంది. దానికి తోడు, ఇప్పుడున్న తప్పు కొలత శాశ్వతమైపోతుంది. గొట్టం చుట్టూ పూర్తిగా ఆనుకునే క్లాంపులు, 8.8 గ్రేడు గట్టి బోల్టులు, ఊపుకి వదులవని నైలాక్ నట్లు వాడించండి. ఇంజన్ ప్లేట్లని కలుపుతూ ఒక సబ్‌ఫ్రేము చేయించుకుంటే ఇంకా మంచిది. డబ్బు పెట్టడానికి ఈ బండిలో అంతకంటే మంచి చోటు లేదు.

ఇప్పుడు మీ బండి సంగతి. లాగడం, టైరు అరగడం, హ్యాండిల్ ఊగడం అని మీరు మూడు రాశారు. మొదటి రెండూ ఒకే జబ్బు. మూడోది వేరే. కలిపి చూస్తే మెకానిక్ అన్నీ తిప్పుతాడు, ఏదీ కుదరదు.

జబ్బేమిటో మీ ఉత్తరంలోనే ఉంది: ‘షాపులో నిట్టనిలువుగా ఉంది’. అప్పుడు తొట్టిలో ఎవరూ లేరు కదా. సైడ్‌కారు చక్రానికి దాని స్ప్రింగు దానికుంది. మీ ఆవిడ, పాప కూర్చోగానే ఆ స్ప్రింగు కుంగుతుంది, ఎడమ వైపు దిగుతుంది, దానితో పాటే బుల్లెట్ కూడా ఎడమకి వాలుతుంది. ఎడమకి వాలిన బైకు ఎడమకే పోతుంది, టైరు ఎడమ అంచు మీదే దొర్లుతుంది. వాన నీరు పారడానికి మన రోడ్లు నడిమధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా ఉంటాయి. మనం ఎడమ అంచున పోతాం కాబట్టి ఆ వాలు కూడా ఎడమకే. అదీ చాలదన్నట్టు, తోసే చక్రం బైకుది, పక్కన ఊరికే ఈడ్చుకొచ్చే బరువు సైడ్‌కారుది. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా బైకు ముందుకు పోతుంది, తొట్టి వెనకపడుతుంది, మొత్తం బండి ఎడమకి తిరుగుతుంది. మూడు కారణాలూ ఒకే పక్కకి లాగుతుంటే చేతులు నొప్పి పుట్టవా మరి.

ఈ లాగుడుని ఎదుర్కోవడానికే రెండు సర్దుబాట్లు ఉన్నాయి. సైడ్‌కారు చక్రం మొహాన్ని కాస్త బైకు వైపుకి తిప్పి పెట్టడం ఒకటి, దాన్ని టో-ఇన్ అంటారు. బైకుని సైడ్‌కారుకి దూరంగా, అంటే మీ బండికి కుడివైపుకి, కొంచెం వాల్చి పెట్టడం రెండోది. అది లీన్-అవుట్. రెండూ మీరే చేసుకోవచ్చు. కావలసింది సమమైన గచ్చు, ఓపిక, ఒక ఆదివారం.

అయితే టేపు పట్టుకునే ముందు అరిగిన సామాను చూడాలి. సెంటర్ స్టాండు వేసి, సైడ్‌కారు చక్రం కింద చెక్క పెట్టి, ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. నడిమధ్యలో ‘టక్’మని చిన్న గుంటలో పడ్డట్టు తగిలితే స్టీరింగ్ బాల్ రేసులు, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయినట్టే. ఫోర్కు కాళ్లు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే ఆట ఉండకూడదు. వెనక చక్రాన్ని పక్కలకి తోసి చూడండి. చక్రం కాకుండా దాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మే కదులుతుంటే దాని బుష్షులు మార్పించండి; నలభై ఏళ్ల బండిలో అవి అరగకపోతేనే ఆశ్చర్యం. స్పోకులన్నింటినీ ఒక్కొక్కటిగా స్పానరుతో కొట్టి వినండి, మొద్దు చప్పుడు చేసేది వదులైనది. సోలో బైకు మలుపులో వాలుతుంది కాబట్టి చక్రం మీద పక్క ఒత్తిడి పెద్దగా పడదు. సైడ్‌కారు బండి వాలదు, ఆ ఒత్తిడంతా స్పోకులే మోయాలి. సైడ్‌కారు చక్రం బేరింగు సంగతి కూడా చూడండి, సెకండ్‌హ్యాండ్ అన్నారు కదా. అప్పుడే మూడు టైర్లకీ గాలి సరిగ్గా పట్టించండి. నేనైతే వెనక 30-32, ముందు 22-24, సైడ్‌కారుకి 20 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెడతాను.

బైకు రెండు చక్రాలూ ఒకే గీతలో లేకపోతే సైడ్‌కారు చక్రాన్ని దేనితో పోల్చి కొలుస్తారు? వెనక యాక్సిల్‌కి రెండు వైపులా నత్త ఆకారపు చైన్ అడ్జస్టర్లు ఉంటాయి, వాటి గంట్లు రెండు పక్కలా సమానంగా ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ముందే చెప్తున్నాను, తర్వాత ఎప్పుడు చైను బిగించినా ఇది మళ్లీ చూడాలి. ఈ బుల్లెట్‌లో చైను ఎడమవైపే, అంటే సైడ్‌కారు వైపే ఉంటుంది. చెయ్యి దూరక మెకానిక్ కుర్రాడు ఒక పక్క రెండు గంట్లు ఎక్కువ తిప్పి వదిలేస్తాడు, మీ అలైన్‌మెంట్ అంతా గాలికిపోతుంది.

ఇక కొలత. మేస్త్రీలు ప్లాస్టరింగుకి వాడే అల్యూమినియం బద్దలు రెండు, రెండేసి మీటర్లవి, తెచ్చుకోండి. వంకర లేకుండా చూసుకోండి. సైడ్‌కారు సీటులో మీ ఆవిడ, పాప బరువుకి సరిపడా బియ్యం బస్తాలు పెట్టండి. బైకు మీద మీరు గానీ మీ బరువున్న మనిషి గానీ కూర్చోవాలి. బండిని ఒకసారి ముందుకీ వెనక్కీ నెట్టి స్ప్రింగులు కుదురుకోనివ్వండి. దీని తర్వాతే ఏ కొలతైనా. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు తీసిన కొలత ఎంత కచ్చితంగా ఉన్నా మీ కుటుంబానికి పనికిరాదు.

హ్యాండిల్ నేరుగా పెట్టి, ఒక బద్దని ఇటుకల మీద ఎత్తి బైకు టైర్లు రెండింటికీ ఎడమ పక్క నుంచి ఆనించండి. ముందు టైరు, వెనక టైరు వెడల్పులు వేరైతే తేడాలో సగం మందం ఉన్న ముక్క సన్న టైరు దగ్గర పెట్టాలి. రెండో బద్దని సైడ్‌కారు టైరుకి ఆనించండి. ఇప్పుడు రెండు బద్దల మధ్య దూరం రెండు చోట్ల కొలవండి: బుల్లెట్ ముందు యాక్సిల్‌కి ఎదురుగా ఒకసారి, వెనక యాక్సిల్‌కి ఎదురుగా ఒకసారి. ముందు కొలత వెనకదాని కంటే 12 నుంచి 20 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. మీరు 15 దగ్గర మొదలుపెట్టండి. కొందరు ‘అంగుళం పెట్టు’ అని చెప్తారు కానీ ఎక్కడ కొలిచిన అంగుళమో చెప్పరు. బద్ద చివర్లలో కొలిస్తే అదే కోణానికి ఎక్కువ తేడా వస్తుంది, అందుకే యాక్సిళ్ల దగ్గరే కొలవమంటున్నాను. సర్దేది కింది రెండు బిగింపుల దగ్గర: ముందు బిగింపుని లోపలికి జరిపితే టో-ఇన్ పెరుగుతుంది.

అదే ఊపులో సైడ్‌కారు యాక్సిల్ వెనక చక్రం యాక్సిల్ కంటే ఎంత ముందుందో చూడండి. 150 నుంచి 250 మిల్లీమీటర్ల మధ్య ఉంటే ముట్టుకోవద్దు. రెండూ ఒకే గీతలో ఉంటే మాత్రం కుడి మలుపులో తొట్టి ముక్కు నేలకి వంగి, వెనక చక్రం లేవడానికి చూస్తుంది. అప్పుడు మొత్తం ఛాసీని ముందుకి జరపాల్సిందే. మరీ ముందుకి జరిపినా హ్యాండిల్ బరువెక్కి టైర్లు అరుగుతాయి.

లీన్-అవుట్‌కి మేస్త్రీలు గోడ నిలువు చూసే తూకం గుండు చాలు, లేదా ఫోన్‌లో లెవెల్ యాప్. వెనక చక్రం రిమ్ముకి నిలువుగా ఒక తిన్నని చెక్క ఆనించి, దాని మీద ఫోన్ పెట్టి చూడండి. బస్తాలూ మీరూ ఉండగా బైకు ఒక డిగ్రీ, మహా అయితే ఒకటిన్నర, కుడికి వాలి ఉండాలి. తూకం గుండుతో అయితే మీ 19 అంగుళాల రిమ్ము పై అంచు కింది అంచు కంటే 8 నుంచి 12 మిల్లీమీటర్లు కుడికి ఉంటే చాలు. దీన్ని సర్దేది పై రాడ్లతో, సీటు కింద ఒకటి, ట్యాంకు ముందు ఒకటి. రాడ్డు పొడవు పెంచితే బైకు కుడికి వాలుతుంది. రెండూ ఒకేసారి తిప్పితే ఫ్రేముని మెలిపెట్టినట్టవుతుంది. ముందు రాడ్డు విప్పేసి, వెనక రాడ్డుతో వాలు తెచ్చుకుని, తర్వాత ముందు రాడ్డుని దాని బోల్టు చేత్తో దూరేంత వరకు తిప్పి పెట్టండి. సుత్తితో కొట్టాల్సి వస్తే కొలత తప్పినట్టే. వాలు మారితే టో-ఇన్ కూడా కొంచెం మారుతుంది, బద్దలు మళ్లీ పెట్టి చూడండి. రాడ్డు చివరి మరలు లోపల కనీసం బోల్టు మందానికి ఒకటిన్నర రెట్లు పట్టి ఉండాలి, లాక్ నట్టు మర్చిపోవద్దు. ఎడమ కాలి బ్రేకు పెడల్‌ని అడుగు దాకా తొక్కి, అది ఏ క్లాంపుకీ తగలట్లేదని చూసుకోండి. ఈ బండ్లలో బ్రేకు ఎడమ కాలికే కాబట్టి ముందు బిగింపు సరిగ్గా దాని దారిలోకే వస్తుంది.

ఇప్పుడు రోడ్డు. పొద్దున్నే ఖాళీగా ఉన్న మామూలు రోడ్డు, అంచుకి మామూలు వాలున్నది, ఎంచుకోండి. బస్తాలు బెల్టుతో కట్టే ఉంచండి. పాపని ఇంకా ఎక్కించొద్దు. నిలకడగా 50లో పోతున్నప్పుడు చేతులు వదులుగా పట్టుకుంటే బండి తిన్నగా పోవాలి. యాక్సిలరేటర్ ఇస్తే కొంచెం ఎడమకి, వదిలేస్తే కొంచెం కుడికి పోతుంది. అది దాని స్వభావం, ఎంత సర్దినా పూర్తిగా పోదు. నిలకడ స్పీడులో కూడా ఎడమకే లాగితే లీన్-అవుట్ పెంచండి, కుడికి పోతే తగ్గించండి. ఒకసారికి ఒక్క చుట్టే. లాగుడుకి టో-ఇన్‌ని కదపొద్దు. టైరు ఎలా అరుగుతుందో చూసి దాన్ని తేల్చాలి. ఐదారువందల కిలోమీటర్ల తర్వాత సైడ్‌కారు టైరు గాట్ల మీద వేలు అడ్డంగా నడపండి. ఒక దిక్కున నున్నగా, తిరుగు దిక్కున రంపంలా గీరుకుంటే టో-ఇన్ తప్పుంది. నట్లన్నీ మొదటి 50 కిలోమీటర్లకి ఒకసారి, 200కి ఒకసారి బిగించి చూడండి.

30 దగ్గర ఊగడం గురించి. బాల్ రేసులు మార్చాక చాలా వరకు తగ్గవచ్చు, పూర్తిగా పోకపోవచ్చు. హ్యాండిల్ తిరిగే గీతని నేల దాకా పొడిగిస్తే అది తాకే చోటు కంటే, ముందు చక్రం నేలని తాకే చోటు కొంత వెనక ఉంటుంది. ఆ దూరాన్ని ట్రెయిల్ అంటారు. వాలే బండికి అది నిలకడ ఇస్తుంది. వాలని మూడు చక్రాల బండికి అదే బరువైన హ్యాండిల్‌నీ, తక్కువ స్పీడులో ఈ ఊపునీ ఇస్తుంది. 1955లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్50, 1956లో వచ్చిన ఆర్60లలో ముందు ఫోర్కు చేతులకి కీలు పెట్టుకునే చోట్లు రెండు ఇచ్చారు, ఒకటి సోలోకి, ఒకటి ట్రెయిల్ తగ్గించి సైడ్‌కారుకి. మీ బుల్లెట్‌కి ఆ సౌకర్యం లేదు. హ్యాండిల్ ఊపుని అణిచే స్టీరింగ్ డ్యాంపర్ వేయించండి. హ్యాండిల్ నడుమ చేత్తో తిప్పే నాబ్ ఉంటే అది రాపిడి డ్యాంపరే. లోపలి బిళ్లలు నూనె తాగి ఉంటే శుభ్రం చేసి కొంచెం బిగిస్తే చాలు. లేకపోతే హైడ్రాలిక్‌ది బయట దొరుకుతుంది. ట్రెయిల్ తగ్గించే లీడింగ్ లింక్ ఫోర్కు చేయించుకోవడం పెద్ద ఖర్చు, బీచ్ రోడ్డు షికార్లకి అవసరం లేదు. ఆ డబ్బుతో గేర్‌బాక్స్ స్ప్రాకెట్ ఒకటి రెండు పళ్లు తక్కువది వేయించుకోండి, 18 హార్స్‌పవర్ ఇంజన్ ముగ్గురినీ తొట్టినీ లాగుతూ క్లచ్ కాల్చుకోకుండా ఉంటుంది.

కుడి మలుపా ఎడమ మలుపా అంటే, మీ మెకానిక్ మాటే నిజం. వీడియో వాళ్లదీ అబద్ధం కాదు. అమెరికాలో, యూరప్‌లో చాలా చోట్ల బండ్లు రోడ్డుకి కుడిపక్క నడుస్తాయి, అక్కడ సైడ్‌కారు కుడివైపు ఉంటుంది. మనకి ఎడమవైపు. ఆ వీడియోల్లో వాళ్లు కుడి అన్న ప్రతిచోటా మీరు ఎడమ అనుకోవాలి, కొలతలు సర్దేటప్పుడు కూడా. సైడ్‌కారు ఉన్న వైపుకి తిరిగినప్పుడే దాని చక్రం గాల్లోకి లేస్తుంది. అలా లేస్తే హ్యాండిల్‌ని కుడికి, అంటే నేరుగా తెచ్చి, యాక్సిలరేటర్ మెల్లగా వదలాలి. కానీ అలా నేరుగా తెస్తే మన రోడ్ల మీద ఎదురుగా వచ్చే లారీ దారిలోకి పోతారు. అందుకే ఎడమ మలుపుకి ముందే స్పీడు తగ్గించుకోవడం తప్ప వేరే ఉపాయం లేదు. ఏదైనా ఖాళీ మైదానంలో తొట్టిలో బరువేమీ లేకుండా, మెల్లగా ఎడమ చుట్లు కొట్టి ఆ చక్రం ఎప్పుడు లేస్తుందో ఒంటికి తెలిసేదాకా సాధన చేయండి. ఒక్కరే ఊళ్లోకి పోయే రోజున 40 కిలోల ఇసుక బస్తా తొట్టిలో కట్టి తీసుకెళ్లండి. నాన్నగారి బుల్లెట్ మీద ఇన్నేళ్లుగా ఒళ్లు వాల్చి తిప్పిన అలవాటు మీకు ఉంటుంది, ఇక్కడ వాల్చేది ఏమీ లేదు, హ్యాండిల్‌ని చేతులతోనే తిప్పాలి. ఆ అలవాటు మారేదాకా ట్రాఫిక్‌లోకి వద్దు.

బ్రేకు విషయం కూడా ఇలాంటిదే. సైడ్‌కారు చక్రానికి బ్రేకు లేకపోతే, గట్టిగా తొక్కినప్పుడు బైకు ఆగుతుంది, తొట్టి ఆగదు, బండి కుడికి, మళ్లీ ఆ ఎదురు దారిలోకే తిరుగుతుంది. డ్రమ్ము బ్రేకుల బండి, బరువేమో చాలా పెరిగింది. ముందు వాహనానికి ఇచ్చే దూరం రెట్టింపు చేయండి. సైడ్‌కారుకి బ్రేకు పెట్టించే వీలుంటే పెట్టించండి.

పాపకి నడుం బెల్టు తొట్టి రేకుకి కాదు, కింది ఛాసీకి బిగించండి. హెల్మెట్ తొట్టిలో కూర్చున్నవాళ్లకీ కావాలి. పాత చట్టంలో సైడ్‌కారులో కూర్చునేవాళ్లకి మినహాయింపు ఉండేది. 2019 సవరణతో, నాలుగేళ్లు దాటిన అందరికీ తప్పనిసరి అయింది.

కాగితాల సంగతి చాలామంది వదిలేస్తారు. 1988 మోటారు వాహనాల చట్టంలో మోటార్‌సైకిల్ నిర్వచనంలోనే విడదీయగల సైడ్‌కారు కూడా ఉంది, కాబట్టి ఆర్టీఏ ఆఫీసుకి అది కొత్త వింతేమీ కాదు. అయినా ఆర్‌సీలో నమోదు గురించి ఆ ఆఫీసులో ముందే కనుక్కుని, ఇన్సూరెన్స్ కంపెనీకి ఉత్తరం రాసి, అందినట్టు సంతకం తీసుకుని ఆ కాపీని బండి కాగితాలతోనే పెట్టుకోండి.